రెండో పిడికిలి

మాచర్ల,
9-11-1946, శనివారం.

నా చెల్లెలు కృపామణికి, ప్రభువు నిన్నూ నీ ఇంటివాళ్ళనూ తన రెక్కల నీడన కాపాడుగాక అని దీవిస్తూ అక్క రాహేలు వ్రాసుకొన్న ఉత్తరం.

ముందు నీ ఒంట్లో ఎలా ఉందో నిజం రాయి. బాగుందని రాశావు గానీ నాకు నమ్మకం కుదరలేదు. నీ అక్షరాలు ఎప్పుడూ బడిపిల్లల మాదిరి వరసలో నిలబడతాయి, ఈసారి రెండో పుటలో అన్నీ కుడివైపు ఒరిగిపోయాయి. జ్వరంతో రాశావా, పడుకుని రాశావా? మరిదిగారి మోకాలు ఎలా ఉంది? ఆముదం వెచ్చచేసి రాస్తున్నావా, ఆ సత్తెనపల్లి డాక్టరు ఇచ్చిన తెల్ల మాత్రలే మింగిస్తున్నావా? వాటిలో ఏముందో ఎవరైనా అడిగారా? మీ అమ్మాయి ప్రేమకుమారికి ఏడో నెల అన్నావు, నా వేళ్ళ మీద ఎనిమిది వస్తోంది. పిల్ల సిగ్గుపడి తప్పు చెప్పి ఉంటుంది, మళ్ళీ అడుగు. నీ గేదె ఈనిందా? ఈనితే దూడ లేచి నిలబడిందా? ఏదీ రాయవు. రాయకపోతే ఏదో దాస్తున్నావని నాకు అనిపిస్తుంది.

ఇక్కడ మా పెద్దాడు ఏసయ్య రైలు కట్ట పనికి పోతున్నాడు, వాడి దగ్గు తగ్గిందని కోడలు అంటుంది, తగ్గలేదని నా చెవులు అంటున్నాయి. నాకు కళ్ళు మసకలు. రేషను జొన్నల్లో రాళ్ళు ఏరలేకపోతున్నాను. ఈ కవరు అంటించిన చోట గోరుతో అడ్డంగా ఒక గీత గీస్తాను. ఆ గీత రెండు ముక్కలూ కలిసి ఉంటేనే ఎవరూ విప్పలేదని అర్థం. కలవకపోతే తపాలా ఆఫీసులో ఎవరో చదివారని తెలుసుకో.

ఇక నువ్వు అడిగిన సంగతి. నువ్వు ఉద్యోగం విరమించాక, మన పల్లెలో ప్రభువు గుడి గోడకు అమ్మ పేర ఒక రాయి పెట్టించాలని నీ కోరిక. మంచిదే. రాళ్ళు చెక్కే వెంకట్రామయ్య మంచి నాపరాయి ఎంచి, నున్నగా చేసి, తన వాకిట్లో ఆనించి పెట్టాడు. అక్షరాల కోసం రెండుసార్లు వచ్చాడు. నువ్వు పంపిన కాగితంలో "విధవరాలు మార్తమ్మ, కష్టించి ఇద్దరు కుమార్తెలను పెంచిన తల్లి" అని ఉంది. రాయి పెట్టే రోజు చదవడానికి అమ్మ సంగతులు రాసి పంపమన్నావు. నువ్వు ఆరో ఏటే బడి హాస్టలుకు పోయావు, వేసవి సెలవుల్లోనే అమ్మను చూశావు, కాబట్టి నాకే తెలుసు అన్నావు. ఆ ఒక్క మాట చదివిన దగ్గర నుంచి నాకు తిండి సయించడం లేదు.

వెంకట్రామయ్యను ఆగమన్నాను. నువ్వు కోప్పడినా సరే. ఆ మొదటి మాట చెక్కవద్దు. అమ్మ విధవరాలేనా అని నాకు యాభై ఏళ్ళుగా అనుమానం.

ఉలిక్కిపడ్డావా? పడతావని తెలుసు. కానీ దేవుడి గోడ మీద అబద్ధం చెక్కించిన పాపం మన ఇద్దరికీ వద్దు. అందుకే ఎవరికీ చెప్పనిది నీకు రాస్తున్నాను.

అమ్మ కష్టం ముందు రాస్తాను, అది అబద్ధం కాదు గనుక. గురజాల దారిలో సున్నపు బట్టీ నీకు గుర్తుందో లేదో. అమ్మ పొద్దున్నే రాళ్ళ తట్ట నెత్తిన పెట్టుకుని బట్టీ మీదికి ఎక్కేది, సాయంత్రం కాలిన సున్నం దించేది. చేతులు పగిలి, ఆ పగుళ్ళలోకి సున్నం పోయి, ముద్ద కలిపేటప్పుడు కారం తగిలితే కళ్ళు మూసుకుని ఊపిరి బిగబట్టేది. మనల్ని ముట్టుకునేటప్పుడు అరచేయి తిప్పి వేళ్ళ వెనక వైపుతో నిమిరేది, గరుకు తగలకుండా. ఒకే ఒక్క గురువారం తప్ప ఆవిడ పని మానిన రోజు నేను ఎరగను. ఆ గురువారం సంగతి తర్వాత రాస్తాను.

నాన్న నువ్వు పొత్తిళ్ళలో ఉండగానే కలరాలో పోయాడని చెప్పేది. ఎక్కడ పాతిపెట్టారు అంటే వాగు అవతల అనేది. ఏ వాగు అంటే నీళ్ళకు పొమ్మనేది. నాన్న వైపు చుట్టం ఒక్కరు కూడా మన గడప తొక్కలేదు. చచ్చిపోయినవాడికి కూడా అన్నదమ్ములు ఉంటారు గదా. ఇంకొకటి. నాకు బాగా చిన్నప్పటిది, కలో నిజమో తెలియనిది ఒకటి ఉంది. నాకు సంగటి ముద్ద తినిపిస్తున్న ఒక చెయ్యి, దాని మణికట్టు మీద తేలు పచ్చబొట్టు. అమ్మ ఒంటి మీద ఎక్కడా పచ్చబొట్టు లేదు. ఆ చెయ్యి ఎవరిదని అడిగితే, పస్తు పడుకుని ఏదో కలగన్నావు అనేది.

దేవుడి పిడికిలి నీకూ తెలుసు. మన పల్లెలో ప్రతి ఇల్లాలూ తిరగలిలో జొన్నలు పోయకముందే ఒక పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది, ఆదివారం ఆ గింజలు గుడికి పోయేవి. అమ్మ రెండు పిడికిళ్ళు తీసేది. మొదటిది దేవుడి కుండలోకి. రెండోది అటూ ఇటూ చూసి, పొయ్యి వెనక ఉన్న ముంతలోకి. నాకు పదకొండో ఏడు వచ్చేనాటికి ఇది కనిపెట్టాను. ముంత నిండేది, గురువారం సాయంత్రానికి ఖాళీ అయ్యేది.

గురువారం గురువారం మన ఇంటికి వచ్చేది గాజుల పీరాంబీ. మర్నాటి వెల్దుర్తి సంతకు పోతూ మన పల్లెలో ఆగేది. మిగతా ఇళ్ళలో గాజుల మలారం దించి చేతులకు తొడిగేది, ఆఖరున, అమ్మ బట్టీ నుంచి వచ్చే వేళకు, మన ఇంటికి వచ్చేది. విధవరాలినని చెప్పుకునే మనిషి చేతికి గాజు లేదు, మనకు కొనే స్తోమతు లేదు. మరి మన ఇంట్లో ఆవిడకు ఏం పని? తలుపు దగ్గరకు వేసుకుని గుసగుసలాడేవాళ్ళు. నేను తడిక సందులో నుంచి చూశాను. అమ్మ ముంతలో గింజలు గుడ్డలో పోసి మూటకట్టి ఇస్తే, పీరాంబీ దాన్ని గాజుల అడుగున దాచుకుంది.

నాన్న బతికే ఉన్నాడని, ఏదో తప్పు చేసి ఎక్కడో దాక్కున్నాడని, అమ్మ తిండి పంపుతోందని నాకు అప్పుడు తోచింది. పెద్దయ్యాక ఇంకా చెడ్డ ఆలోచనలు వచ్చాయి. వాటిని కాగితం మీద పెట్టను. నువ్వు ఊహించుకోగలవు.

ఆ రోజుల్లోనే మన గుడిలో వాక్యం చెప్పే దానియేలు ఉపదేశి ఆదివారపు బడిలో మాకు అననీయ, సప్పీరాల కథ చెప్పాడు. ఆ మొగుడూ పెళ్ళాం దేవుడికి ఇస్తామన్నదాంట్లో కొంత దాచుకుని, అడిగితే అబద్ధమాడి, నిలబడ్డ చోటే పడి చచ్చిపోయారట. గింజ దాచినా అంతేనా అని నేను లేచి అడిగాను. గింజైనా అంతే అన్నాడు. ఆ వారమంతా అమ్మ బట్టీ నుంచి రావడం కాస్త ఆలస్యమైతే చాలు, నేను దారిలోకి పరుగెత్తేదాన్ని.

రెండు వారాలకు ఎవరో ఉపదేశికి చెప్పారు. గుడిలో అందరి ముందు ఆయన అమ్మను లేవమన్నాడు. నువ్వు అమ్మ ఒళ్ళో ఉన్నావు, నిన్ను నా ఒళ్ళోకి తోసి లేచింది. పిడికిట పట్టి తీసినది ఏదైనా దేవుడిదే, దాన్ని నువ్వు ముంతలో దాస్తున్నావట, ఎవరికి పోతోంది అని అడిగాడు. అమ్మ కొంగు తల మీదికి లాక్కుంది. తర్వాత తల ఎత్తి ఒకటే చెప్పింది.

"నేనే తిన్నానయ్యా. ఆకలికి ఆగలేక తిన్నాను."

అది అబద్ధమని నాకు తెలుసు. ఆవిడ తినగా నేను ఎప్పుడూ చూడలేదు. మనకు సంగటి పెట్టి, కుండకు అంటిన మాడులో నీళ్ళు పోసుకుని తాగే మనిషి. సప్పీరా కూడా అడిగినప్పుడు అబద్ధమే ఆడింది గదా. అమ్మ ఇప్పుడు పడిపోతుంది, ఇప్పుడు పడిపోతుంది అని నిన్ను ఎంత గట్టిగా పట్టుకున్నానంటే నువ్వు ఏడుపు లంకించుకున్నావు. అమ్మ పడిపోలేదు. ఏడాదిపాటు ప్రభువు బల్ల రొట్టె ముట్టకుండా, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చోమన్నారు. కూర్చుంది. ఆడవాళ్ళు దాటిపోతూ తిండిపోతు మార్తమ్మ అనుకునేవాళ్ళు. అదే నెలలో నీకు బడి హాస్టలులో చోటు దొరికింది, నిన్ను బండి ఎక్కించి వచ్చింది.

పీరాంబీయే చెప్పి ఉంటుందని పల్లె అంతా అనుకుంది. ముంత సంగతి తెలిసిన పైమనిషి ఆవిడే గదా. మన అమ్మ మీద జాలి లేకపోయినా, ఇంటి గుట్టు బయటపెట్టే మనిషి మాకొద్దని ఆడవాళ్ళు ఆవిడ దగ్గర గాజులు తొడిగించుకోవడం మానేశారు. ఆవిడ మన పల్లెకు రావడం ఆగిపోయింది. నేను చిన్నదాన్ని, నన్ను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇంతా జరిగినా అమ్మ రెండో పిడికిలి మానలేదు, విన్నావా! తిరగలి ముందు కూర్చోబోతూ నన్ను నీళ్ళకు పంపేది. మూట బట్టీకి తీసుకుపోయి, అక్కడికి వచ్చే పీరాంబీకి ఇచ్చేది. మూడేళ్ళు అలా నడిచింది. ఒక గురువారం నేను కూడా బట్టీ దగ్గరే ఉన్నాను. పీరాంబీ వచ్చి, కిందటి వారం మూట విప్పకుండా అలాగే అమ్మ చేతిలో పెట్టింది. ఒక్క గింజ తగ్గలేదు. అమ్మ తట్ట అక్కడే వదిలి ఇంటికి వచ్చేసింది. ఆ గింజలు దేవుడి కుండలో పోసి, ముంత బోర్లించి, దాని పక్కన కూర్చుంది. పొయ్యి వెలిగించలేదు. వాడెవడో ఇక నీ తిండి వద్దన్నాడు కాబోలు అనుకున్నాను. పీడ వదిలిందని సంతోషపడ్డాను కూడా.

ఇప్పుడు నా భయం విను. ఆ పీరాంబీ బతికే ఉంది. ఎనభై దాటింది. మాచర్లలో స్టేషను వెనక మనవడి ఇంట్లో ఉంటోంది. రాయి సంగతి వెంకట్రామయ్య దగ్గర విన్నదట, నెల రోజుల్లో మూడుసార్లు కర్ర పట్టుకుని మా ఇంటికి వచ్చింది, రాహేలుతో ఒక మాట ఉంది అంటూ. మూడుసార్లూ నేను గాదె చాటున నక్కి, ఇంట్లో లేనని కోడలితో చెప్పించాను. మూడోసారి ఆవిడ వినపడేలాగే అన్నది, "గాదె చాటున ఎంతసేపు కూసుంటదమ్మా మీ అత్త? మోకాళ్ళు పట్టుకుంటయ్యి," అని. కోడలు నవ్వింది. నాకు నవ్వు రాలేదు. యాభై ఏళ్ళు రాని మనిషి ఇప్పుడే ఎందుకు వస్తోంది? రాయి పెట్టే రోజు అందరి ముందు అమ్మ గుట్టు విప్పుతుందా? విప్పుతానని బెదిరించి ఏమైనా అడుగుతుందా?

నువ్వు చదువుకున్నదానివి, నువ్వు ఉంటే నాకు ధైర్యం. ఇరవై అయిదో తేదీ సోమవారం రైలుకు రా. ఇద్దరం కూర్చుని మాట్లాడుకుని, ఆ మాట తీసేసి వేరే ఏదైనా చెక్కిద్దాం. వచ్చేటప్పుడు రైల్లో ఎవరు ఏం పెట్టినా తినకు.

మరిదిగారికి నా వందనాలు. ప్రేమకుమారిని బరువులు ఎత్తనివ్వకు.

ఇట్లు,
నీ మేలు కోరే అక్క
రాహేలు.

తా.క. ఆదివారం సాయంత్రం. నిన్న తపాలా వెళ్ళిపోయింది, ఉత్తరం ఇంట్లోనే ఉంది. గీత గీసిన చోట కవరు నేనే విప్పాను, కంగారుపడకు. పైన రాసినది చింపేద్దామనుకున్నాను, చింపలేదు. నీకు అంతా తెలియాలి.

పొద్దున గుడి నుంచి వచ్చేసరికి పీరాంబీ మా అరుగు మీద కూర్చుని ఉంది. తప్పించుకోవడానికి సందు లేదు. ఆవిడ నన్ను ఏమీ అడగలేదు, బెదిరించలేదు. నేనే ఆగలేక ముందు అడిగాను, ఆ గింజలు ఎవరికి పోయేవి అని.

అమ్మకు ఒక అక్క ఉండేదట. గురవమ్మ. వెల్దుర్తి అవతల ఊరు. మన నాన్నకు ఆవిడ పెద్దపెళ్ళాం. పిల్లలు కలగకపోతే ఆవిడే పట్టుబట్టి మన అమ్మను, తన సొంత చెల్లెల్ని, మొగుడికి చేసింది. అయిదారేళ్ళు ఇద్దరూ ఒకే పొయ్యి మీద వండుకున్నారు. నేను పుట్టాను, నువ్వు పుట్టావు. అప్పుడు ఆ ఊళ్ళో బాప్తిస్మాలు వచ్చాయి. ఇద్దరు పెళ్ళాలు ఉన్నవాడికి బాప్తిస్మం లేదు, మొదట చేసుకున్నదాన్నే ఉంచుకుని రెండోదాన్ని వదలాలని చెప్పారట. నాన్న మన అమ్మను వదిలాడు. అక్క ఏడ్చి, నేను పోతాను, పిల్లల తల్లి ఉండనీ అన్నదట. అమ్మ వినలేదు. నిన్ను చంకనేసుకుని, నా చెయ్యి పట్టుకుని, ఎవరూ ఎరగని మన పల్లెకు వచ్చి మొగుడు పోయాడని చెప్పింది. తర్వాత నాలుగేళ్ళకు నాన్న నిజంగానే పోయాడు. ముందే విధవరాలినని చెప్పుకున్న మనిషి అప్పుడు ఎవరి ఎదుట ఏడుస్తుంది? అమ్మవారు పోసి గురవమ్మకు కళ్ళు పోయాయి. చూసే దిక్కు లేదు. అప్పటి నుంచి రెండో పిడికిలి.

గుడిలో ఆ మాట చెప్పేస్తే సరిపోయేది గదా, అక్కకు పెడుతున్నానని, అన్నాను. పీరాంబీ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. గుడి పెళ్ళిళ్ళ పుస్తకంలోకి ఎక్కని రెండో పెళ్ళాం బిడ్డకు ఆ హాస్టలులో చోటు లేదట. అక్క అన్న మాట వస్తే ఏ అక్క, ఏ ఊరు అని ఆరా తీస్తారు. ఉపదేశి అడిగిన రోజుకు నీ చోటు ఇంకా ఖాయం కాలేదు. అందుకని తిండిపోతు అనిపించుకుంది. నీ చదువు అయ్యాక అక్కను ఇంటికి తెచ్చుకోవాలని అనుకునేదట. గురవమ్మ అంతదాకా ఆగలేదు, కన్నుమూసింది. ఆ గురువారం మూట తిరిగి వచ్చింది అందుకే.

ఆ గింజలు దేవుడివి కావట. అమ్మ ముద్దలోవి. మన ముద్ద ఏనాడూ తగ్గలేదని ఇప్పుడు గుర్తొస్తోంది.

గురవమ్మ చేతి మీద తేలు పచ్చబొట్టు ఉండేదా అని అడిగాను. కుడిచేతి మణికట్టు మీద అన్నది. చూపు పోయాక కూడా నీ పేరు తలుచుకునేదే, నీకు చిన్న ముద్దలు చేసి పెట్టాలంట, పెద్దయి అయితే ఉమ్మేస్తావంట అన్నది.

ఇక నేను దాచినది. ఉపదేశికి చెప్పింది నేను. పీరాంబీ కాదు. అమ్మ సప్పీరా మాదిరి పడిపోతుందేమోనని, ఆయనకు చెబితే ప్రార్థన చేసి ఆపుతాడని చెప్పాను. ఆయన గుడిలో నిలబెడతాడని నాకేం తెలుసు? తర్వాత పీరాంబీ మీదికి పోతే నోరు మెదపలేదు. పీరాంబీ అమ్మ గుట్టు విప్పుతుందని భయం అని పైన రాశాను చూడు, అసలు భయం అది కాదు. ఆవిడకు నా సంగతి తెలిసి ఉంటుందనే భయం. ఈ సంగతి ఆవిడతో చెప్పబోయి, చెయ్యి పట్టుకుని ఏడ్చాను. ఆవిడే అన్నది.

"తెలుసులేవే. మీ అమ్మకూ తెలుసు, ఆ పొద్దే తెలుసు. నేను నిన్ను రెండు పీకబోతే ఆపింది. దాన్నేమీ అనమాక పీరాంబీ, నేను చచ్చిపోతానని బెంగటిల్లి చెప్పింది బిడ్డ, అంత బెంగ నా మీద ఇంకెవురికుంది అన్నది."

మరి నీ గాజుల బేరం పోయింది గదా మా పల్లెలో అన్నాను. "మీ పల్లె కాకపోతే రెంటచింతల. చేతులు లేని ఊరు యాడుంది?" అన్నది.

అమ్మ ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళు బతికింది. తనకు తెలుసునని ఒక్కనాడూ మాట తూలలేదు. బట్టీ నుంచి రావడం ఆలస్యమైతే మాత్రం మలుపు తిరగకముందే "వస్తన్నానే రాహేలూ" అని కేకేసేది. ఎందుకో ఇప్పుడు తెలిసింది.

పీరాంబీ ఇన్నిసార్లు వచ్చింది ఒక్కందుకే. గురవమ్మను ఎక్కడ పాతిపెట్టారో ఆవిడ ఒక్కదానికే తెలుసు. తాను పోతే ఆ చోటు చూపించేవాళ్ళు లేరని, మీరిద్దరూ వచ్చి చూసుకోండి అన్నది. బండిలో తానూ వస్తానంది. ఆ వయసులో కుదుపులకు ఏమవుతుందోనని నాకు మళ్ళీ గుబులు. మెత్తగా గడ్డి పరిపిస్తాను.

వెంకట్రామయ్యకు మాట పంపాను. విధవరాలు అన్నది వద్దు. "మార్తమ్మ, గురవమ్మ చెల్లెలు, రాహేలు కృపామణిల తల్లి" అని చెక్కమన్నాను. గురవమ్మ ఎవరని గుడిలో అడిగితే లేచి నిలబడి నేను చెబుతాను. నీకు ఇష్టం లేకపోతే వచ్చి ఆపు, కానీ చెక్కినది చూశాకే ఆపు.

ఇరవై అయిదు దాకా ఆగవద్దు. పీరాంబీ గురువారమే పోదామంటోంది. బుధవారం, నవంబరు ఇరవయ్యో తేదీ రైలుకు దిగు, ఏసయ్యను స్టేషనుకు పంపుతాను. గురువారం, ఇరవై ఒకటో తేదీ పొద్దున్నే ముగ్గురం వెల్దుర్తి బండి ఎక్కుదాం.